నేలను బట్టి ఏర్పడిన తెలుగు ఇంటి పేర్లు

తెలుగువారి పేర్లలో ముందుగా వచ్చే భాగాన్ని ఇంటి పేరు అంటారు. ఇంటి పేర్లలో ఎక్కువ భాగం ఊరి పేర్ల నుండి గాని, కొండ, అడవి, చెరువు, లంక, చెట్టు వంటి నేల గుర్తుల నుండి గాని పుట్టినవి. ఇట్టి పేర్లను నేలను బట్టి ఏర్పడిన ఇంటి పేర్లుగా లెక్కించవచ్చును. అల్లూరు నుండి అల్లూరి, కందుకూరు నుండి కందుకూరి, ఓరుగల్లు నుండి ఓరుగంటి, కొండవీడు నుండి కొండవీటి ఈ విధంగా ఏర్పడినవే. ఒక కుటుంబం ఏ ప్రాంతం నుండి తరలివచ్చినదో, ఆ ప్రాంతంలో నేల ఎట్లుండేదో ఈ పేర్లు కొంతవరకు తెలియజేస్తాయి. వ్రాతపూర్వకమైన వంశచరిత్ర లేని సామాన్య కుటుంబాలకు చాలా సందర్భాలలో మిగిలిన చారిత్రక ఆధారం ఇంటి పేరు ఒక్కటే.

ఇంటి పేర్లలో రకాలు

తెలుగు ఇంటి పేర్లు అన్నీ నేలకు సంబంధించినవి కావు. వాటిని స్థూలంగా ఈ క్రింది రకాలుగా విభజించవచ్చును.

* ఊరి పేరు నుండి వచ్చినవి: అల్లూరి, దువ్వూరి, పుచ్చలపల్లి, సర్వేపల్లి, రేబాల.
* నేల స్వరూపం నుండి నేరుగా వచ్చినవి: కొండా, అడివి, కోన, లంక, చెరువు, కాలువ.
* చెట్లు, తోటల నుండి వచ్చినవి: మర్రి, రావి, తుమ్మల, తోట.
* ఉద్యోగం, వృత్తి, హోదాల నుండి వచ్చినవి: కరణం, మంత్రి, ప్రగడ అనే మాటలతో కూడినవి.
* పూర్వీకుని పేరు నుండి వచ్చినవి: 'నేని'తో అంతమయ్యే పేర్లు అనేకం.

మొదటి మూడు రకాలే ఈ వ్యాసానికి విషయం. వీటి మధ్య గీత గీయటం అన్నివేళలా సాధ్యం కాదు. ఉదాహరణకు 'మర్రి' అనే ఇంటి పేరు ఇంటి ముందరి మర్రిచెట్టు నుండి రావచ్చును, మర్రి అనే మాటతో కూడిన ఊరి పేరు నుండి కూడా రావచ్చును. ఊరి పేరే మొదట ఒక చెట్టు నుండో, చెరువు నుండో పుట్టి ఉండటం వలన, చివరకు రెండు దారులూ నేల వద్దనే కలుస్తాయి.

వ్యాకరణం

ఊరి పేరు ఇంటి పేరుగా మారేటప్పుడు సాధారణంగా దాని రూపం మారుతుంది. కారణం, ఇంటి పేరు అసలు షష్ఠీ విభక్త్యర్థంలో ఉన్న మాట. 'అల్లూరి' అనగా 'అల్లూరు యొక్క' లేదా 'అల్లూరికి చెందిన' అని అర్థం. 'అల్లూరి వారు' అన్న మాటలో ఈ అర్థం ఇప్పటికీ స్పష్టంగా వినిపిస్తుంది.

పరవస్తు చిన్నయసూరి రచించిన బాలవ్యాకరణం (1858) ఇట్టి మార్పు పొందే శబ్దాలను ఔపవిభక్తికాలు అని పేర్కొని, వాటికి ఇ, టి, తి అనే మూడు ప్రత్యయాలను చెప్పినది. 'ఇల్లు' అన్న మాట 'ఇంటి' అని మారటం, 'ఏరు' అన్న మాట 'ఏటి' అని మారటం, 'చేయి' అన్న మాట 'చేతి' అని మారటం ఇందుకు ఉదాహరణలు. ఇంటి పేర్లలో ముఖ్యంగా కనిపించే మార్పులు ఇవి:

* ఊరు – ఊరి: అల్లూరు – అల్లూరి, నెల్లూరు – నెల్లూరి, కందుకూరు – కందుకూరి, నేలటూరు – నేలటూరి.
* పాడు – పాటి: ప్రత్తిపాడు – ప్రత్తిపాటి.
* వీడు – వీటి: కొండవీడు – కొండవీటి.
* నాడు – నాటి: పాకనాడు – పాకనాటి, వెలనాడు – వెలనాటి.
* ఏరు – ఏటి: కొల్లేరు – కొల్లేటి.
* కల్లు (రాయి) – కంటి లేదా గంటి: ఓరుగల్లు – ఓరుగంటి.

పల్లి, కొండ, కోట, గుంట వంటి మాటలు సాధారణంగా మారవు. అందువలననే పుచ్చలపల్లి, సర్వేపల్లి, రేబాల, రాచకొండ అనే ఇంటి పేర్లు ఊరి పేర్ల రూపంలోనే ఉన్నవి. మార్పు రావలసిన చోట కూడా కొన్ని కుటుంబాలు ఊరి పేరును యథాతథంగా ఉంచుకున్నవి. నెల్లూరు జిల్లాలో జన్మించిన కవి గుంటూరు శేషేంద్రశర్మ (1927–2007) ఇంటి పేరు 'గుంటూరి' కాక 'గుంటూరు' గానే ప్రసిద్ధి చెందినది.

ఈ వ్యాకరణం తెలియకపోతే ఇంటి పేరుకు తప్పు అర్థం చెప్పే ప్రమాదం ఉన్నది. 'కంటి' అనే రూపం 'కన్ను' నుండి రావచ్చును, రాయి అని అర్థం గల 'కల్లు' నుండి కూడా రావచ్చును. ఓరుగంటి అన్న పేరులో కన్నుకు గాని, గంటకు గాని సంబంధం లేదు. ఓరుగల్లు అనగా ఒంటి రాయి. ఆ పట్టణానికి సంస్కృతంలో ఏకశిలానగరం అన్న పేరు రావటానికి కూడా కారణం అదే. ఇంటి పేరు అర్థం వెదకేటప్పుడు ముందుగా దాని ప్రథమా విభక్తి రూపాన్ని నిలబెట్టి, తరువాత మాత్రమే అర్థాన్ని ఆలోచించవలెను.

చరిత్ర

కవుల పేర్లను పరిశీలిస్తే ఇంటి పేర్ల ప్రాచీనత కొంత తెలుస్తుంది. 13వ శతాబ్దంలో నెల్లూరు పాలకుడైన మనుమసిద్ధి ఆస్థానంలో ఉన్న తిక్కన సోమయాజికి 'కొట్టరువు' అన్న ఇంటి పేరు ఉన్నది. 15వ శతాబ్దానికి చెందిన బమ్మెర పోతన, తాళ్ళపాక అన్నమాచార్యుల ఇంటి పేర్లు ఊరి పేర్లే. బమ్మెర ఓరుగల్లు ప్రాంతంలోను, తాళ్ళపాక కడప ప్రాంతంలో రాజంపేట సమీపంలోను ఇప్పటికీ ఉన్న గ్రామాలు. మొల్ల రామాయణం రచించిన మొల్ల ఇంటి పేరు ఆతుకూరి.

ఇంటి పేరు ఏర్పడే తీరులో ముఖ్యమైన విషయం ఒకటి ఉన్నది. ఒక ఊరిలో అందరూ ఆ ఊరివారే అయినప్పుడు, ఎవరినీ ఆ ఊరి పేరుతో పిలువవలసిన అవసరం ఉండదు. ఆ ఊరిని విడిచి మరొక చోట స్థిరపడినప్పుడే, కొత్త ఊరివారు వారిని 'ఫలానా ఊరి వారు' అని పిలుస్తారు. అనగా అల్లూరి అన్న పేరు అల్లూరులో కాక, అల్లూరు నుండి వెళ్ళిన వారికి మరొక ఊరిలో పుట్టే అవకాశమే ఎక్కువ. ఈ దృష్టితో చూస్తే ఊరిపేరుతో ఉన్న ప్రతి ఇంటి పేరూ ఒక వలసకు గుర్తు. నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెంలో జన్మించి ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన బెజవాడ గోపాలరెడ్డి (1907–1997) ఇంటి పేరులో కృష్ణా తీరంలోని బెజవాడ పేరు ఉండటం ఇందుకు మంచి ఉదాహరణ. సంఘ సంస్కర్త కందుకూరి వీరేశలింగం (1848–1919) రాజమండ్రిలో జన్మించినా, ఆయన ఇంటి పేరు మాత్రం నెల్లూరుకు ఉత్తరాన ఉన్న కందుకూరును తలపిస్తుంది.

నేల స్వరూపం నుండి నేరుగా వచ్చిన పేర్లు

ఊరి పేరుతో నిమిత్తం లేకుండా, ఇల్లు ఉన్న చోటును బట్టి వచ్చినట్లు తోచే ఇంటి పేర్లు కూడా ఉన్నవి.

కొండ, కోన: స్వాతంత్ర్య సమరయోధుడు 'దేశభక్త' కొండా వెంకటప్పయ్య (1866–1949), తెలంగాణ నాయకుడు కొండా వెంకట రంగారెడ్డి (1890–1970) ఒకే ఇంటి పేరు కలవారైనా వేరువేరు ప్రాంతాలకు, వేరువేరు కులాలకు చెందినవారు. బాపట్లకు చెందిన కోన ప్రభాకరరావు (1916–1990) ఇంటి పేరులోని కోన అన్న మాటకు కొండల నడిమి లోయ అని అర్థం.

అడవి: చిత్రకారుడు, నవలా రచయిత అడివి బాపిరాజు (1895–1952) ఇంటి పేరు 'అడవి' అని కూడా వ్రాయబడుతున్నది.

లంక: నదీ పాయల మధ్య ఏర్పడిన మెరక భూమిని గోదావరి, కృష్ణా ప్రాంతాలలో లంక అంటారు. ఇంటి పేరుగా లంక, లంకా అన్న రూపాలు కనిపిస్తాయి. ఇట్టి ఇంటి పేరు వినగానే రామాయణంలోని లంకను తలచుకోవటం కంటే నదిలోని లంకను తలచుకోవటం సబబు.

చెట్లు: ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేసిన మర్రి చెన్నారెడ్డి (1919–1996), నటుడు, రచయిత రావి కొండలరావు (1932–2020), కవి తుమ్మల సీతారామమూర్తి (1901–1990) ఇంటి పేర్లు చెట్ల పేర్లే. పెద్ద చెట్టు పూర్వం గ్రామాలలో చోటును చెప్పటానికి ఆనవాలు. రచ్చబండ, సంత, పొలిమేర వంటివి చెట్టును బట్టి చెప్పుకోవటం వాడుక. ఇంటిని కూడా చెట్టును బట్టి చెప్పుకోవటం సహజం.

అల్లూరు, నెల్లూరు తీర ప్రాంతం

అల్లూరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలో పెన్నా నదికి ఉత్తరాన, బంగాళాఖాతానికి సమీపంలో ఉన్న పట్టణం, మండల కేంద్రం. తీరం వెంట ఇసుక దిన్నెలు, వాటి వెనుక బకింగ్‌హామ్ కాలువ, ఉప్పుటేరులు, చవిటి నేలలు, ఆపైన పడమరగా వరి పండే మాగాణి నేలలు ఈ ప్రాంతపు స్వరూపం. ఈ స్వరూపమంతా ఇక్కడి ఊరి పేర్లలో కనిపిస్తుంది.

* ఇసకపల్లి: అల్లూరు మండలంలోని తీర గ్రామం. పేరులో ఇసుక ఉన్నది. ఇసుకపల్లి అన్న ఇంటి పేరు కూడా కలదు.
* జువ్వలదిన్నె: బోగోలు మండలంలోని తీర గ్రామం. జువ్వి చెట్టు, దిన్నె అన్న మాటలు ఇందులో కనిపిస్తాయి. దిన్నె అనగా మెరక చోటు, ఇసుక మేట.
* తుమ్మలపెంట: కావలి మండలంలోని తీర గ్రామం. తుమ్మ చెట్లను గుర్తుచేసే పేరు.
* బిట్రగుంట: రైల్వే కేంద్రంగా పేరుపొందిన ఊరు. 'గుంట' అనగా చిన్న నీటి మడుగు.
* తోటపల్లిగూడూరు: పెన్నాకు దక్షిణాన ఉన్న మండల కేంద్రం. పేరులో తోట ఉన్నది.

నెల్లూరు అన్న పేరును కొందరు 'నెల్లి' (ఉసిరి) చెట్టు నుండి, మరికొందరు వరి ధాన్యమనే అర్థం గల 'నెల్లు' నుండి వివరిస్తారు. ఏ వివరణ తీసుకున్నా పేరు నేలమీది పైరుకో, చెట్టుకో చెందినదే. నెల్లూరి అన్న ఇంటి పేరు ఈ ఊరి నుండి వచ్చినది.

ఈ తీరానికి చెందిన మరికొన్ని ఇంటి పేర్లు తెలుగు సాహిత్య, రాజకీయ చరిత్రలలో సుప్రసిద్ధమైనవి. 'కవికోకిల' దువ్వూరి రామిరెడ్డి (1895–1947) ఇంటి పేరు దువ్వూరు అన్న ఊరి పేరుకు షష్ఠీ రూపం. చరిత్రకారుడు నేలటూరి వెంకటరమణయ్య ఇంటి పేరుతో సరిపోలే నేలటూరు గ్రామం ముత్తుకూరు మండలంలో ఉన్నది. యానాదుల అభ్యున్నతికి కృషిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య ఇంటి పేరులో పైన చెప్పిన 'కంటి' రూపం కనిపిస్తుంది. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య (1913–1985) విడవలూరు మండలంలోని అలగానిపాడులో జన్మించాడు. ఆయన తన పేరు చివర ఉన్న 'రెడ్డి' అన్న కులసూచకాన్ని వదలివేసినా, ఇంటి పేరును వదలలేదు. కులాన్ని చెప్పే మాట, ఊరిని చెప్పే మాట ఒకటి కావని ఈ ఉదాహరణ స్పష్టం చేస్తుంది.

ఈ ప్రాంతంలో నేల చాలా మారినది. పెన్నా నదిపై 1855లో నెల్లూరు వద్ద, 1886లో సంగం వద్ద ఆనకట్టలు నిర్మాణమైన తరువాత కాలువల క్రింద మాగాణి విస్తరించినది. బకింగ్‌హామ్ కాలువ 1877–78 కరవు కాలపు పనులతో విస్తరించి 1878లో ఆ పేరు పొందినది. 1990 దశకం నుండి తీర గ్రామాలలో రొయ్యల చెరువులు వచ్చినవి. ఒకప్పటి గుంటలు పూడిపోయి, దిన్నెలు చదునై, తోటలు చెరువులుగా మారిన చోట్ల కూడా పేర్లలో గుంట, దిన్నె, తోట మిగిలే ఉన్నవి.

అల్లూరి అన్న ఇంటి పేరు

అల్లూరు అన్న పేరుగల ఊళ్ళు ఆంధ్రదేశంలో ఒకటి కంటే ఎక్కువ ఉన్నవి. నెల్లూరు జిల్లాలోని అల్లూరు కాక, ప్రకాశం జిల్లా కొత్తపట్నం మండలంలో ఒక అల్లూరు, కృష్ణా నదీ ప్రాంతంలోని వీరులపాడు మండలంలో మరొక అల్లూరు కలవు. ఈ చివరి ఊరు బౌద్ధ అవశేషాలకు, ప్రాకృత శాసనానికి ప్రసిద్ధి. అందువలన అల్లూరి అన్న ఇంటి పేరు గల కుటుంబాలు అన్నీ ఒకే ఊరి నుండి వచ్చినవని చెప్పటానికి వీలు లేదు. ఏ కుటుంబం ఏ అల్లూరు నుండి వచ్చినదో ఆ కుటుంబపు వలస చరిత్ర, గోత్రం, పాత దస్తావేజులు చూచి నిర్ణయించవలెను.

ఈ ఇంటి పేరును దేశమంతటా తెలియజేసినవాడు మన్యం విప్లవ నాయకుడు అల్లూరి సీతారామరాజు. విశాఖపట్నం సమీపంలోని పాండ్రంగిలో జన్మించిన ఆయన 1922 నుండి మన్యంలో బ్రిటిష్ ప్రభుత్వంపై సాయుధ పోరాటం నడిపి, 1924 మే 7న మరణించాడు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు అల్లూరి సీతారామరాజు జిల్లా అని పేరు పెట్టారు. ఊరి పేరు ఇంటి పేరైనది, ఇంటి పేరు ఒక వ్యక్తితో కీర్తి పొందినది, ఆ వ్యక్తి పేరు తిరిగి నేలకు పేరైనది. కొండా వెంకట రంగారెడ్డి పేరుతో 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లా విషయంలో జిల్లా పేరులో ఇంటి పేరు నిలువలేదు. అల్లూరి విషయంలో నిలిచినది.

సామాజిక ప్రాధాన్యం

ఒకే ఊరి నుండి వెళ్ళిన భిన్న కులాలవారికి ఒకే ఇంటి పేరు ఉండవచ్చును. కాబట్టి ఇంటి పేరును బట్టి కులాన్ని ఊహించటం తరచుగా పొరపాటు అవుతుంది.

వివాహ సంబంధాల విషయంలో ఇంటి పేరుకు ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. అనేక కులాలలో ఒకే ఇంటి పేరు గలవారిని దాయాదులుగా, అన్నదమ్ములుగా భావించి, వారి మధ్య వివాహం చేయరు. ఒకే పేరుగల వేరువేరు ఊళ్ళ నుండి వచ్చిన కుటుంబాల మధ్య రక్తసంబంధం ఉండవలసిన పని లేదు. అయినా ఇంటి పేరు కలిసినది అన్న ఒక్క కారణంతో సంబంధాలు ఆగిపోవటం ఉన్నది. ఇట్టి సందర్భాలలో గోత్రాన్ని కూడా విచారించటం వాడుక.

స్త్రీకి వివాహంతో ఇంటి పేరు మారటం తెలుగునాట ఆచారంగా ఉన్నది. అందుచేత ఇంటి పేరు చెప్పే వలస చరిత్ర పురుష సంతతి చరిత్ర మాత్రమే. తల్లి, అమ్మమ్మల పుట్టింటి పేర్లను వేరుగా వ్రాసి ఉంచకపోతే, రెండు తరాలలోనే అవి మరుగున పడతాయి.

ఇంటి పేరు మరుగున పడటం

ఇంటి పేరును ఒక పొడి అక్షరానికి కుదించటం ఆధునిక కాలంలో వచ్చిన అలవాటు. భారత రాష్ట్రపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో జన్మించాడు. ఆయన పూర్వీకుల ఊరు నెల్లూరు జిల్లా వెంకటాచలం మండలంలోని సర్వేపల్లి. ఆంగ్ల గ్రంథాలపై ఆయన పేరు 'ఎస్. రాధాకృష్ణన్' అని అచ్చయినది. ఆ ఒక్క 'ఎస్' వెనుక నెల్లూరు జిల్లా గ్రామం ఒకటి దాగి ఉన్నది. ఆయన కుమారుడు, చరిత్రకారుడు సర్వేపల్లి గోపాల్ (1923–2002) పేరులో ఆ ఊరి పేరు పూర్తిగా నిలిచినది. తమిళనాట పొడి అక్షరం సాధారణంగా తండ్రి పేరును సూచిస్తుంది. అక్కడ తరతరాలుగా నివసిస్తున్న తెలుగు కుటుంబాలు ఈ పద్ధతిని స్వీకరించినప్పుడు, ఇంటి పేరు వ్యవహారంలో నుండి తప్పుకొని శుభలేఖలకు, పెద్దల జ్ఞాపకానికి పరిమితమైనది.

విదేశాలకు వెళ్ళిన కూలీల విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు చేరినది. 1911 వరకు సాగిన ఈ ఒప్పంద కూలీల వలసలో తెలుగువారు పెద్ద సంఖ్యలో వెళ్ళారు. ఓడ జాబితాలలో కూలీ పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, గ్రామం వ్రాసేవారు. ఇంటి పేరుకు ప్రత్యేకమైన గడి ఉండేది కాదు. తరువాతి తరాలలో నాయుడు, రెడ్డి వంటి కులసూచకాలు, లేదా తండ్రి పేర్లు ఇంటి పేర్ల స్థానాన్ని ఆక్రమించినవి. నేడు అక్కడి కుటుంబాలు తమ మూలగ్రామాన్ని తెలుసుకోవాలంటే ఇంటి పేరును కాక, ఓడ జాబితాలోని గ్రామం గడిని వెదకవలసి వస్తున్నది.

ఇంటి పేరు ఊరిని కాపాడిన సందర్భాలు కూడా ఉన్నవి. జనం విడిచిపోయిన ఊళ్ళను రెవిన్యూ లెక్కలలో బేచిరాగు గ్రామాలు అంటారు. దీపం లేని ఊరు అని దీని అర్థం. అట్టి ఊరి పేరు గ్రామ లెక్కలలో కాక ఎక్కడైనా వినబడుతున్నదంటే, అది ఇంటి పేరుగా మాత్రమే. గ్రామనామాల పరిశోధకులకు ఇంటి పేర్లు విలువైన సామగ్రి కావటానికి ఇది ముఖ్య కారణం. ఆచార్య యార్లగడ్డ బాలగంగాధరరావు ఊరి పేర్లను, ఇంటి పేర్లను రెండింటినీ విస్తృతంగా పరిశీలించినవారిలో ప్రముఖులు.

ఆంగ్ల ఇంటి పేర్లతో పోలిక

నేలను బట్టి ఇంటి పేరు పెట్టుకోవటం తెలుగువారి ప్రత్యేకత కాదు. ఇంగ్లాండులో 1066 నాటి నార్మన్ విజయం తరువాత వంశపారంపర్యమైన ఇంటి పేర్లు క్రమంగా స్థిరపడి, సుమారు 1400 నాటికి చాలా కుటుంబాలకు వచ్చినవి. హిల్ (గుట్ట), వుడ్ (అడవి), బ్రూక్ (వాగు), ఫోర్డ్ (రేవు), మార్ష్ (చిత్తడి నేల) అట్టివే. ఆంగ్లంలో మొదట 'అడవి వద్ద', 'గుట్ట క్రింద' అన్న అర్థమిచ్చే పదబంధాలు పేరుకు చేర్చేవారు. అట్‌వుడ్, అండర్‌హిల్ అన్న పేర్లలో ఆ పదాలు అతుక్కొని ఉండిపోయినవి. తెలుగులో షష్ఠీ రూపం చేసే పనిని ఆంగ్లంలో ఆ పదాలు చేసినవి. ఆంగ్లంలో ఇంటి పేరు వ్యక్తి పేరు తరువాత, తెలుగులో ముందు వస్తుంది.

నెల్లూరు జిల్లా శాసనాలను వి. వేణుగోపాల చెట్టితో కలిసి సేకరించి 1905లో మూడు సంపుటాలుగా ప్రకటించిన ఆంగ్ల అధికారి ఆలన్ బటర్‌వర్త్ ఇంటి పేరు కూడా ఊరి పేరే. ఇంగ్లాండులోని లాంకషైర్‌లో బటర్‌వర్త్ అన్న ఊరు ఉండేది. వెన్నకు పేరుపొందిన దొడ్డి అని ఆ పేరుకు అర్థం. గోదావరి ఆనకట్టను నిర్మించిన ఆర్థర్ కాటన్ ఇంటి పేరుకు కూడా ప్రత్తితో సంబంధం లేదు. అది గుడిసెలు ఉన్న చోటు అనే అర్థం గల పాత ఆంగ్లపు మాట నుండి వచ్చినది. ఓరుగంటిలో గంట లేనట్లే కాటన్‌లో ప్రత్తి లేదు.

ఇంటి పేరు మూలాన్ని తెలుసుకునే పద్ధతి

ఒక ఇంటి పేరు మూలాన్ని పరిశీలించేటప్పుడు ఈ క్రింది క్రమం ఉపయోగపడుతుంది.

# ఇంటి పేరు చివరి భాగాన్ని (ఊరి, పాటి, వీటి, కంటి, పల్లి మొదలైనవి) గుర్తించి, ప్రథమా విభక్తి రూపాన్ని నిర్ణయించవలెను.
# ఆ పేరుతో ఎన్ని ఊళ్ళు ఉన్నవో, ఏ ఏ జిల్లాలలో ఉన్నవో జాబితా చేయవలెను. బేచిరాగు గ్రామాలను విడిచిపెట్టరాదు.
# కుటుంబంలోని పెద్దల నుండి వలస వచ్చిన దారి, కులదేవత గుడి ఉన్న ఊరు, గోత్రం తెలుసుకొని వ్రాసి ఉంచవలెను.
# పాత దస్తావేజులు, ఈనాం పత్రాలు, శాసనాలు లభిస్తే వాటితో సరిచూడవలెను.
# ఊరి పేరు అర్థాన్ని చివరగా, ఆ ఊరి నేలను చూచిన తరువాత నిర్ణయించవలెను.

ఇవి కూడా చూడండి

* ఇంటి పేరు
* అల్లూరు (నెల్లూరు జిల్లా)
* ఔపవిభక్తికాలు
* గ్రామనామాలు
* బకింగ్‌హామ్ కాలువ